ముక్కు సర్జరీకి పూర్తి మత్తా, లోకల్‌తో సెడేషనా?

ప్రశ్న:
ముక్కు దూలం మీది ఎత్తు తగ్గించి, కొన సరిచేసే సర్జరీ. ఎముక కూడా కోయాలట, రెండున్నర గంటలు పడుతుందట. మత్తు ఏదైనా ఫర్వాలేదు, మీరే ఎంచుకోండి అన్నారు. సెడేషన్‌లో (లోకల్ అంటే ముక్కుని మాత్రమే మొద్దుబార్చే ఇంజెక్షన్ ఇచ్చి, మందుతో మగతగా ఉంచడం) గొంతులో గొట్టం ఉండదు కాబట్టి అదే సురక్షితమని చాలాచోట్ల చదివాను. నిజమేనా?

జవాబు 1:
గొట్టం లేకపోతే క్షేమం అన్న లెక్క ముక్కు దగ్గర తిరగబడుతుందండి. ముక్కులో కారిన రక్తం వెనకనుంచి గొంతులోకే దిగుతుంది. మెలకువగా ఉన్న మనిషి దాన్ని మింగేస్తారు, లేదా దగ్గేస్తారు. సెడేషన్ లోతైతే ఆ కాపుదల తగ్గిపోతుంది. రక్తం స్వరపేటిక మీద పడితే అది బిగుసుకుపోయి ఊపిరి ఆగవచ్చు.

పూర్తి మత్తులో కఫ్ (చుట్టూ గాలితో ఉబ్బే చిన్న బుడగ) ఉన్న గొట్టం ఊపిరితిత్తుల్లోకి రక్తం పోకుండా అడ్డుకుంటుంది. దాన్ని నోట్లోంచి వేసి కింది పెదవికి సరిగ్గా మధ్యలో అంటించాలి. పక్కకి లాగితే పెదవి, ముక్కు కొన వంకరై సర్జన్ అంచనా తప్పుతుంది. గొంతులో గాజుగుడ్డ ప్యాక్ పెడితే, గొట్టం తీసేముందే అది బయటికొచ్చిందని లెక్క చూసుకోవాలి. లోపలే మర్చిపోతే ప్రాణం మీదికొస్తుంది.

ఎముక కోత ఉండి రెండున్నర గంటలంటే నా ఓటు పూర్తి మత్తుకే. కొన ఒక్కటే, గంటలోపు పని అయితే లోకల్‌తో పాటు తేలిక సెడేషన్ చాలు. ముక్కులో అమర్చడానికి పక్కటెముక మృదులాస్థి తీయాల్సివస్తే పూర్తి మత్తే.

జవాబు 2:
పూర్తి మత్తులోనూ లోకల్ ఇంజెక్షన్ ఇస్తారని గుర్తుంచుకోండి. సాధారణంగా మొద్దుబార్చే మందు 1% లిడోకైన్, అందులో రక్తనాళాల్ని ముడిచే 1:1,00,000 అడ్రినలిన్. ఇచ్చాక 10-15 నిమిషాలు ఆగాలి, అప్పటికి రక్తనాళాలు బాగా ముడుచుకుంటాయి. తొందరపడితే రక్తం కారి లోపల ఏమీ కనబడదు. అడ్రినలిన్‌తో కలిపితే లిడోకైన్ గరిష్ఠ మోతాదు కిలోకు 7 మి.గ్రా. 60 కిలోల మనిషికి 420 మి.గ్రా., అంటే 42 మి.లీ. ముక్కుకి అంత అవసరమే రాదు. ప్రొప్రనలాల్ (బీపీ, గుండె దడకి ఇచ్చే మందు) వాడేవాళ్లు మాత్రం తప్పక చెప్పాలి, అడ్రినలిన్‌తో బీపీ ఒక్కసారిగా పెరగవచ్చు.

సెడేషన్‌లో నిప్పు ప్రమాదం కూడా ఉంది. మొహం మీద ఆక్సిజన్ పారుతుండగా రక్తం ఆపడానికి కాటరీ (వేడితో రక్తనాళాల్ని మూసే పరికరం) వాడితే అంటుకోవచ్చు. ఆక్సిజన్ 30% మించకుండా చూడాలి. అంతకన్నా ఎక్కువ కావాల్సివస్తే గొట్టం వేయడమే మంచిది.

ప్రశ్న అడిగినవారు:
రక్తం వల్ల స్వరపేటిక బిగుసుకుంటుందన్న సంగతి తెలియదు, థాంక్సండి. ప్రయాణాల్లో వాంతులయ్యేవాళ్లకి, గురక పెట్టేవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుందా?

జవాబు 1:
వాంతుల స్వభావం ఉంటే మత్తు వాయువుల బదులు ప్రొపోఫాల్‌ని నరంలోకి ఎక్కిస్తూ మత్తు నిలిపే పద్ధతి అడగండి. వాంతులు రాకుండా మొదట్లో డెక్సామెథసోన్, చివర్లో ఆండాన్‌సెట్రాన్ మందులు కలిపితే ఇంకా నయం. మింగిన రక్తం కూడా వాంతి తెప్పిస్తుంది, గొట్టం తీసేముందు కడుపులోది పీల్చేయించాలి.

గురకని తేలిగ్గా తీసుకోవద్దు. నిద్రలో ఊపిరి ఆగుతోందేమో సర్జరీకి ముందే పరీక్ష చేయించాలి. ఆ జబ్బుంటే లోతైన సెడేషన్ వద్దేవద్దు. సర్జరీ తర్వాత వాపుతో ముక్కు మూసుకుపోతుంది కాబట్టి ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచి ఆక్సిజన్ శాతం గమనించడం మేలు, ఓపియాయిడ్ (మార్ఫిన్ లాంటి) నొప్పి మందులు తగ్గించాలి. సీపాప్ (నిద్రలో మాస్క్ ద్వారా గాలి ఒత్తిడితో ఊపిరిదారి తెరిచి ఉంచే యంత్రం) వాడేవాళ్లు అది మళ్లీ ఎప్పుడు, ఏ మాస్క్‌తో పెట్టుకోవాలో సర్జన్‌తో ముందే తేల్చుకోవాలి. కొత్తగా కోసిన ఎముక మీద మాస్క్ అదిమితే పక్కకి జరుగుతుంది.