చీర ఫొటో కింద రేటు పెట్టాలా, "మెసేజ్ చేయండి" అనాలా?

నిజాంపేట చీరలు

రెండేళ్లుగా ఇంట్లోనే చీరలు అమ్ముతున్నాను. మంగళగిరి కాటన్, పోచంపల్లి, కొద్దిగా ఉప్పాడ. ఒక బీరువాతో మొదలైంది, ఇప్పుడు ఆ గదంతా స్టాకే, మా అత్తగారు దాన్ని కొట్టుగది అంటారు. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో ఫొటో పెట్టి కింద "రేటు కోసం మెసేజ్ చేయండి" అని రాస్తాను. నాకు ఈ పని నేర్పిన అక్క అలాగే చెప్పింది. రేటు పెట్టేస్తే చూసి వెళ్లిపోతారు, మెసేజ్ చేస్తే మాట కలుస్తుంది, మాట కలిస్తే ఇవాళ కాకపోయినా శ్రావణానికైనా కొంటారు, ఇదీ ఆవిడ లెక్క.

పోయిన వారం ఒకావిడ నా పోస్టు కింద అందరి ముందూ "రేటు చెప్పడానికి సిగ్గుపడే చీర మాకెందుకు" అని రాసేసింది. దానికి నలభై లైకులు! రెండు రోజులు అన్నం సయించలేదు. ఆషాఢం స్టాక్ ఇరవై రెండు చీరలు వచ్చి ఉన్నాయి. పెట్టనా, వద్దా?

డాలస్‌లో గోదారమ్మాయి

పెట్టండి. కొనేదాన్ని కాబట్టి కొనేవాళ్ల వైపు నుంచి చెప్తాను. నేను పిల్లలు పడుకున్నాక రాత్రి పదిన్నరకి ఫోన్ పట్టుకుంటాను, మీకు అప్పుడు పొద్దున తొమ్మిది, మీరు వంట పనిలో ఉంటారు. మీరు తీరిక చేసుకుని ఒంటిగంటకి రేటు చెప్తే నాకు రాత్రి రెండున్నర. తెల్లారి ఆఫీసుకి పరిగెడుతూ చూస్తాను, అప్పటికి ఆ చీర మీద మనసే పోయి ఉంటుంది.

అసలు విషయం అది కూడా కాదు, మొహమాటం. "ఎంతండీ" అని అడిగి, ఆవిడ "అక్కా మీకోసం" అంటూ ఆరు ఫొటోలు, రెండు వీడియోలు పంపాక, అది నా బడ్జెట్ కాదని ఎలా చెప్పను? ఒకసారి అలాగే ఇష్టం లేని చీర కొన్నాను. కొన్న మర్నాడే ఆవిడ నంబర్ మ్యూట్‌లో పెట్టేశాను. ఆవిడ మాత్రం నన్ను మంచి కస్టమర్ అనుకుంటూ ఉండి ఉంటుంది పాపం.

మూడో తరం బట్టల కొట్టు

మాది తెనాలి. మీ అక్క చెప్పింది తప్పని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. మా తాతగారి రోజుల్లో చీర చీటీ మీద అంకెలు ఉండేవి కావు, అక్షరాలు ఉండేవి. పది అక్షరాల మాట ఒకటి ఇంట్లో వాళ్లకే తెలుసు, ఒక్కో అక్షరం ఒక్కో అంకె. చీటీ చూస్తే అసలు ఎంత పడిందో గుమస్తాకి అర్థమవుతుంది, ఎదురుగా కూర్చున్నవాళ్లకి అర్థం కాదు. అంటే రేటు దాచడం ఇన్‌స్టా కనిపెట్టిన విద్య కాదు. ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చేవారు, పెళ్లి ఎవరిది, అమ్మాయి ఏం రంగు, ఎంతమందికి పెట్టుబడి చీరలు కావాలి, ఇవన్నీ అయ్యాకే రేటు. ఆ మాటల్లోనే సగం పని అయ్యేది. ఏమీ కొనకుండా లేచి వెళ్లినా సంచిలో ఒక జాకెట్టు ముక్క పెట్టి పంపిన రోజులు నాకు తెలుసు. వాళ్ల మనవరాళ్లు ఇప్పటికీ మా కొట్టుకే వస్తారు.

రేటు పెట్టేస్తే మీ చీర ఒక అంకె అయిపోతుంది. పక్క పేజీలో అది వంద తక్కువకి కనిపించగానే మనిషి అటు పోతుంది. ఇక మాట్లాడే సందేది?

లెక్కల పిచ్చి

ఒక ప్రశ్న. నెలకి ఎన్ని మెసేజ్‌లు వస్తాయి, ఎన్ని చీరలు పోతాయి?

నిజాంపేట చీరలు

ఇప్పుడే కూర్చుని చూశాను. పోయిన నెల కొత్తవాళ్ల నుంచి అరవై దాకా వచ్చాయి. కొన్నది ఐదుగురు. రేటు చెప్పాక "ఓకే అండి" అని ఆగిపోయినవాళ్లే ఎక్కువ. ఒక్కొక్కరికీ పావుగంట తక్కువ పట్టదు, కొందరు బ్లౌజ్ పీస్ విప్పి చూపించమంటారు, కొందరు ట్యూబ్ లైట్ ఆపి కిటికీ దగ్గర వీడియో తీయమంటారు.

లెక్కల పిచ్చి

అరవై పావుగంటలంటే పదిహేను గంటలు. ఐదు చీరలకి. మీరు ఏర్పరుచుకున్నది పరిచయం కాదండీ, క్యూ.

రీసెల్లర్ని నేనే

ఎవరూ చెప్పని మాట నేను చెప్తాను. మాలో చాలామంది రేటు దాచేది మాట కలపడానికి కాదు. హోల్‌సేల్ గ్రూపులో వచ్చిన ఒకే ఫొటో యాభై మంది దగ్గర ఉంటుంది. ఒకరు రెండొందలు వేసుకుంటారు, ఒకరు ఐదొందలు, ఇంకొకరు అడిగే మనిషి ప్రొఫైల్ ఫొటో చూసి వేస్తారు. అందరూ రేటు బయట పెడితే మా గుట్టు ఒక్క సాయంత్రంలో బయటపడుతుంది. నేనూ అలా చేశాను కాబట్టి అంటున్నాను. ఇద్దరు తోడికోడళ్లకి ఒకే చీర రెండు రేట్లకి అమ్మి దొరికిపోయాను. వాళ్లు ఒకే ఇంట్లో ఉంటారని నాకేం తెలుసు!

మీ చీరలు ఎక్కడివి, మీరే తెస్తారా? మీ జవాబంతా దాని మీదే ఉంది.

నిజాంపేట చీరలు

పోచంపల్లివి నేనే వెళ్లి మగ్గం దగ్గర తెచ్చుకుంటాను, బస్సులో. మంగళగిరివి తెలిసినవాళ్ల దగ్గర. గ్రూపు ఫొటోలు వాడను, అన్నీ మా బాల్కనీలో తీసినవే.

రీసెల్లర్ని నేనే

మరి దాచడానికి మీ దగ్గర ఏముంది? మాకు లేనిది మీ దగ్గర ఉంది. పోచంపల్లి చీర తిరగేసి చూపించండి. నూలుకి ముందే ముడులు కట్టి రంగులో ముంచి, తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, పువ్వు అంచు కాస్త చెదిరినట్టు ఉంటుంది. ప్రింట్ వేసిన దానికి మామూలుగా వెనక వైపు వెలిసినట్టు కనిపిస్తుంది. ఈ ముక్క ముప్పై సెకన్ల వీడియోలో చెప్పండి, కింద రేటు రాయండి. అప్పుడు వచ్చే మెసేజ్ "ఎంత" అని రాదు, "వెనక వైపు చూశాను, ఇంకో రంగు ఉందా" అని వస్తుంది. మాట కలవడమంటే అదీ.

మూడో తరం బట్టల కొట్టు

ఇది ఒప్పుకుంటాను. తాతగారూ ముందు చీర తిరగేసే చూపించేవారు. కానీ కొట్టులో ఆయన వందమందికి ఒకేసారి చూపించలేదు, ఎదురుగా ఉన్న మనిషికి చూపించారు. నా బాధ అదే, వీడియో చూసిన వెయ్యిమందిలో మీకు ఎవరు తెలుసు?

డాలస్‌లో గోదారమ్మాయి

బాబాయ్ గారూ, ఆ జాకెట్టు ముక్క ఇచ్చింది చూడండి, అది రేటు దాచడం వల్ల రాలేదు కదా. తాతగారు మంచివారు కాబట్టి వచ్చింది. మీరు రెండూ కలిపేస్తున్నారు.

కూకట్‌పల్లి పచ్చళ్లు

చీరలు కాదు, పచ్చళ్లు నావి, కానీ ఒకటి చెప్పొచ్చు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో, అంటే ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లేదాంట్లో, 256 మందే పడతారు, అదీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. అందుకని నేను కొనమని అడగను, నంబర్ సేవ్ చేసుకుంటారా అని ఒక్కసారి అడుగుతాను. సేవ్ చేసుకున్నారంటే సగం మనవాళ్లయినట్టే. రేటు మొదటి రోజు నుంచీ బయటే, కిలో అరకిలో పావుకిలో. ఆవకాయకి ఎవరైనా గుట్టు పెడతారా?

నిజాంపేట చీరలు

మూడు వారాల తర్వాత వస్తున్నాను, తిట్టుకోకండి. ఇరవై రెండు చీరలకీ రేటు పెట్టాను. పోచంపల్లివి వెనక వైపు చూపిస్తూ ఆరు వీడియోలు తీశాను, ఒకదాంట్లో మా అత్తగారి గొంతు వినిపిస్తుంది, "గ్యాస్ కట్టెయ్" అని. మెసేజ్‌లు పదకొండే వచ్చాయి. మొదటి రోజు టెన్షన్‌తో పదిసార్లు ఫోన్ చూసుకున్నాను. పదకొండులో ఏడు చీరలు పోయాయి. "ఫైనల్ ఎంత అక్కా" అని ఇద్దరే అడిగారు. మధ్యాహ్నాలు కాస్త పడుకుంటున్నాను కూడా.

కానీ ఒకటి జరిగింది. మొదటి నుంచీ కొంటున్న ఇద్దరు అలిగారు. ఒకావిడ ఫోన్ చేసి "మాకు చెప్పే రేటే ఊరందరికీ పెట్టేశావా, ఇంక మేం నీకేం ప్రత్యేకం" అంది. నేను ఆవిడకి ఎప్పుడూ తక్కువకి ఇచ్చింది లేదు! తనకి మాత్రమే చెప్తున్నాననుకుంది ఇన్నాళ్లూ. ఏం చేయాలో తెలియక నవ్వేశాను, అది ఇంకా తప్పయింది.

మూడో తరం బట్టల కొట్టు

అదమ్మా నేను చెప్పింది. ఆవిడ కోపం రూపాయి గురించి కాదు. రేటు మాత్రం కదపకండి, ఇప్పుడు తగ్గిస్తే ముందు ఎక్కువ తీసుకున్నట్టు ఒప్పుకున్నట్టే. తర్వాతి చీరకి ఫాల్, పీకో మీరే చేయించి పంపండి. ఫాల్ ఏ రంగో ఆవిడనే ఫోన్‌లో అడగండి.