అమ్మమ్మ గురించి కూడికలో మాట్లాడాలి, "మంచిది, భక్తిగలది" తప్ప ఇంకేం రాయలేకపోతున్నా

చిన్నమనవరాలు:

అందరికీ నమస్తే అండి. మా అమ్మమ్మ ఈమధ్యే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. వచ్చే ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక ఉంది, మనవలందరి తరఫున నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. కూర్చుని రాస్తే వచ్చేవి నాలుగే లైన్లు, ప్రేమగలది, ప్రార్థనాపరురాలు, కుటుంబం కోసమే బతికింది, ఎవర్నీ నొప్పించలేదు. అన్నీ నిజాలే, కానీ చదువుకుంటే ఇది ఎవరి అమ్మమ్మకైనా సరిపోతుంది కదా అనిపిస్తోంది, మా అమ్మమ్మ ఇందులో ఎక్కడా కనపడట్లేదు.

ఇంకోటేంటంటే ఆవిడ ఉద్యోగం చేయలేదు, చర్చిలో కూడా ఏ కమిటీలోనూ లేదు. తాతయ్య కూడికప్పుడు మామయ్య ఆయన ఉద్యోగం, ప్రమోషన్లు, కట్టించిన ఇల్లు అన్నీ వరసగా చెప్పుకొచ్చాడు. అమ్మమ్మకి అలా చెప్పడానికి పెళ్ళి, పిల్లలు, మనవలు తప్ప ఏం దొరకట్లేదు. పైగా కళ్ళు మూసుకుంటే ఆఖర్లో మంచం మీద ఉన్న మొహమే వస్తోంది, అంతకుముందు తిరుగుతూ పని చేసుకున్న మనిషి గుర్తుకే రావట్లేదు, అదింకా బాధగా ఉంది.

ఒక విషయం అడగాలి. మా పెద్దమామయ్య చిన్నవయసులోనే చనిపోయాడు, ఆ తర్వాత కొంతకాలం అమ్మమ్మ చర్చికి వెళ్ళడం మానేసిందని, ఇంట్లో ప్రార్థన కూడా చేసేది కాదని అమ్మ ఎప్పుడో చెప్పింది. అది చెప్పచ్చా? పిన్ని అయితే అస్సలు వద్దంటోంది.

పాతఆల్బమ్:

మీ కుటుంబానికి దేవుడు ఆదరణ ఇవ్వాలండి.

గుణాలు పక్కన పెట్టి పనులు రాయండి. ప్రేమగలది అంటే వినేవాళ్ళకి ఏం కనపడదు. పొద్దున లేచిన దగ్గర్నించి ఆవిడ చేతులు ఏం చేస్తుండేవి, ఆ పని చేస్తూ ఏం పాడుకునేది, మీరు స్కూల్నించి రాగానే ముందు ఏం అడిగేది, కోపం వస్తే ఏం చేసేది, ఇవి రాసుకోండి ముందు, వరస గురించి తర్వాత చూసుకోవచ్చు.

బైబిల్లో అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో దొర్కా అనే ఆవిడ చనిపోయినప్పటి సంగతి ఒకసారి చదవండి. యేసు శిష్యుడు పేతురు ఆవిడ ఊరు యొప్పేకి వచ్చి మేడగదిలోకి వెళ్ళేసరికి విధవరాళ్ళు ఏడుస్తూ, ఆవిడ తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, బట్టలు ఆయనకి చూపించారు. ఆవిడ ఎంత గొప్పదో అక్కడ ఎవరూ ప్రసంగం చేసినట్టు లేదు, ఆవిడ చేతిపని చూపించారు. ఇంటి పనిలోనే జీవితమంతా గడిపిన మనిషిని తలుచుకోడానికి నాకు తెలిసి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

బైబిల్లోనే సామెతల గ్రంథం 31వ అధ్యాయంలో గుణవతి గురించి ఉన్న భాగమూ అంతే. 10 నుంచి 31 దాకా 22 వచనాలు, హెబ్రీలో ఒక్కో వచనం ఒక్కో అక్షరంతో అక్షరమాల వరసలో మొదలవుతుంది, చూస్తే చాలా మటుకు పనులే. ఉన్ని తెచ్చుకోడం, తెల్లారకముందే లేవడం, రాత్రి దీపం ఆరకుండా ఉండడం, బీదవాళ్ళకి చెయ్యి చాపడం. పొగడ్త చివర్లో వస్తుంది, అప్పటికి వినేవాళ్ళకి నమ్మకం కుదిరి ఉంటుంది.

నైట్‌డ్యూటీ:

ఆఖరి రోజుల మొహమే కళ్ళముందు తిరగడం, దగ్గరుండి సేవ చేసిన చాలామందికి ఉంటుందండి, కంగారు పడకండి. మీరు చేయగలిగింది ఒకటుంది, అమ్మమ్మ నడివయసు ఫోటోలు బయటికి తీసి, ఆ వయసులో ఆవిడతో తిరిగినవాళ్ళకి ఫోన్ చేయండి, పక్కింటావిడ, ఆవిడ చెల్లెలు, చర్చిలో పక్కన కూర్చున్నావిడ, ఎవరైనా. ఫోన్ చేసి అమ్మమ్మ ఎలాంటిదండీ అంటే చాలా మంచిదమ్మా అని ఆగిపోతారు. ఆవిడ చేత తిట్లెప్పుడు తిన్నారు, ఆవిడ దగ్గర ఏం నేర్చుకున్నారు, ఇద్దరూ కలిసి దేనికి బాగా నవ్వుకున్నారు అని అడగండి, అప్పుడు కథలు వస్తాయి. చెప్పి రికార్డ్ చేసుకోండి, ఇంట్లో మరీ చిన్నపిల్లలు ఉంటే వాళ్ళకి ముత్తమ్మమ్మ ఏ మాత్రం గుర్తుండదు, మూడేళ్ళలోపు జ్ఞాపకాలు పెద్దయ్యాక దాదాపు ఎవరికీ మిగలవు.

ఇక ఉద్యోగం లేదు అన్నారు చూడండి, అక్కడ నాకు గట్టిగా చెప్పాలనిపించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 రిపోర్టులో 64 దేశాల సర్వేలు చూసి, ఇంటి వంట, శుభ్రం, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ జబ్బుమనుషుల్నీ చూసుకోడం ఇలాంటి జీతంలేని పని రోజుకి 1,640 కోట్ల గంటలు జరుగుతోందని లెక్క కట్టారు. అందులో నాలుగింట మూడొంతుల పైన చేసేది ఆడవాళ్ళే. ఈ అంకెలు కూడికలో చదవమని కాదు, అమ్మమ్మకి చెప్పుకోడానికేం లేదు అనే ఆలోచన మీ మనసులోంచి పోవాలని చెప్తున్నా. తాతయ్యగారు డ్యూటీకి టైముకి వెళ్ళగలిగారంటే ఆ టైము ఎవరు తయారుచేసి ఇచ్చారు?

సండేస్కూల్‌టీచర్:

అమ్మా, మీ పెద్దమామయ్య విషయం గురించి ఒక్క మాట. అది అమ్మమ్మ విశ్వాసానికి మచ్చ అనుకోకండి. రూతు గ్రంథంలో నయోమి భర్తనీ ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకుని ఊరికి తిరిగొచ్చాక, దేవుడు నాకు చాలా దుఃఖం కలగజేశాడని అందరి ముందూ అనేసింది, ఆ మాటని ఎవరూ దాచలేదు. అదే నయోమి చివరి అధ్యాయంలో కోడలు రూతు బిడ్డని గుండెలకి హత్తుకుని పెంచింది, ఆ బిడ్డే దావీదు రాజుకి తాత. 88వ కీర్తన తీసుకోండి, మొదలుపెట్టింది ప్రార్థనే కానీ చివరి మాట దాకా చీకటే, అయినా అది కీర్తనల్లోనే ఉంది.

బిడ్డ పోయాక నోట మాట రాని తల్లి మళ్ళీ ఎప్పుడో మోకాళ్ళ మీద కూర్చుందంటే ఆ కూర్చోడం మామూలు విషయం కాదు. నేనైతే చెప్పమనే అంటాను. ఆ హాల్లో అలాంటి దుఃఖంలోనే ఉన్నవాళ్ళు తప్పకుండా ఉంటారు.

పెద్దమనవడు:

టీచర్ గారు చెప్పింది బాగుంది కానీ నేను కొంచెం వేరేగా అనుకుంటున్నా. పోయింది ఆ పిన్నిగారికి సొంత అన్నయ్య కదా, అందరి మధ్యలో మైకులో అది వినాల్సివస్తే ఆవిడకి ఎలా ఉంటుందో ఆలోచించండి. వద్దు అనడానికి కారణం పరువే అయ్యుండాలని లేదు. ముందు అమ్మగార్నీ పిన్నిగార్నీ కూర్చోబెట్టి రాసింది చదివి వినిపించండి, అప్పుడు కూడా వద్దంటే ఆపేయండి, ఇంట్లో దాచుకునే కాపీలో రాసుకోవచ్చు.

ఇంకొకటి, నేను దేవుణ్ణి నమ్మను, మా నానమ్మ మాత్రం చివరి దాకా నమ్మింది. ఆవిడ భక్తి నాకెలా తెలుసు అంటే, నేను ప్రార్థనకి కూర్చోనని చెప్పేసిన రోజు కూడా ఆవిడ నాకోసం రాత్రి మేలుకుని తలుపు తీసింది, ఆ మాట ఎత్తలేదు. ఆవిడ గురించి ఎవరైనా వాక్యాలు ఎన్ని కంఠతా వచ్చో చెప్పినప్పుడు నాకేం అనిపించలేదు, ఆ తలుపు గురించి చెప్తే మాత్రం ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. మీ కూడికలో నాలాంటివాళ్ళూ ఉంటారు, వాళ్ళకీ అర్థమయ్యేలా ఆవిడ నమ్మకం ఆవిడ చేత ఏం చేయించిందో చెప్పండి చాలు.

చిన్నమనవరాలు:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. చేతులు ఏం చేస్తుండేవి అని అడిగారు కదా, అది పట్టుకుని కూర్చుంటే ఒకటి గుర్తొచ్చింది, అమ్మకి ఫోన్ చేసి అడిగితే అవును చిన్నప్పట్నించీ అంతే అంది. రాసింది పెడుతున్నా:

"సాయంత్రం ఆరిన బట్టలన్నీ మంచం మీద కుప్పపోసుకుని అమ్మమ్మ మడతపెట్టేది. ఎవరి చొక్కా చేతిలోకి వస్తే వాళ్ళ కోసం ప్రార్థన. కాలర్ సరిచేస్తూ పేరు పెట్టి పిలిచి, వీడికి పరీక్ష ఉంది ప్రభువా, దీనికి జ్వరం తగ్గలేదు ప్రభువా అని మామూలుగా మాట్లాడినట్టే మాట్లాడేది. గుండీ ఊడి ఉంటే అక్కడే ఆగి సూదిలో దారం ఎక్కించమని మాకిచ్చేది, కుట్టడం అయ్యేదాకా ఆ మనిషి గురించే ప్రార్థన సాగేది. చిరిగిన బట్టలు వేసుకునేవాళ్ళకి ప్రార్థన ఎక్కువ దొరికేది మా ఇంట్లో. తాతయ్య పోయాక కూడా ఆయన తువ్వాలు ఒకటి ఆ కుప్పలో ఉండేది, దాన్ని మడతపెడుతూ థాంక్స్ చెప్పేది దేవుడికి."

పెద్దమామయ్య సంగతి పిన్నికి చదివి వినిపించా. చాలాసేపు ఏడ్చింది, తర్వాత తనే చెప్పింది, ఆ రోజుల్లో అమ్మమ్మ నోరు విప్పి ప్రార్థన చేయకపోయినా బట్టలు మాత్రం రోజూ మడతపెట్టేదట, అన్నయ్య చొక్కాలు కూడా ఉతికి మడతపెట్టేదట. అంతవరకు చెప్పు, చర్చి మానేసింది అని మాత్రం అనకు అంది. అలాగే చెప్తాను.

పాతఆల్బమ్:

ఇది చాలండి, నిజంగా. ప్రేమగలది, ప్రార్థనాపరురాలు అన్న పాత నాలుగు లైన్లు మొత్తం తీసేయండి, దీని ముందు అవి అక్కర్లేదు. పిన్నిగారు చెప్పిన చొక్కాల మాట తువ్వాలు కంటే ముందు పెట్టండి, కాలక్రమంలోనూ అదే ముందు. పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసుకుని రెండుసార్లు బయటికి చదివి చూసుకోండి, గొంతు ఎక్కడ ఆగిపోతుందో ముందే తెలుస్తుంది, అక్కడ కాగితం అందుకోడానికి ఒకర్ని పక్కన నిలబెట్టుకోండి.

అమ్మమ్మ బైబిల్ ఎవరింటికి వెళ్ళినా సరే, ముందు ఆవిడ చేత్తో రాసుకున్నవి ఉన్న పేజీలన్నీ పగటి వెలుతుర్లో ఫోటోలు తీసి మీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. చిరిగిన పేజీలకి సెల్లోటేపు వేయకండి, కొన్నేళ్ళకి పసుపెక్కి అక్షరాల మీద మరక పడుతుంది, మధ్యలో పేపర్ కటింగులుంటే అవీ తీసి విడిగా పెట్టండి. పాత ఫోటోల వెనక పేర్లు రాస్తే మెత్తటి పెన్సిల్‌తో, మెల్లగా రాయండి, పెన్ను అయితే సిరా ముందువైపుకి దిగచ్చు. ఈ పనికి పిన్నిగారిని కూర్చోబెట్టుకోండి, ఫోటోల్లో మొహాలు గుర్తుపట్టేది ఆవిడే.