అమృతమా, టామ్ అండ్ జెర్రీనా?

కావలి: రాత్రి అన్నాల వేళ మా ఇంట్లో యూట్యూబ్‌లో ‘అమృతం’ పెడుతున్నాం. 2001లో జెమినిలో మొదలైన సీరియల్, ఇప్పటికీ నవ్వు ఆగట్లేదు. అమృతరావుగా శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ మారారు గానీ ఆంజనేయులంటే గుండు హనుమంతరావే. ఆయన బిక్కమొహం చూసి నాన్నకి చేపల పులుసు పొలమారింది! పిల్లలకేమో టామ్ అండ్ జెర్రీ కావాలంట. మీ ఓటు దేనికి?

ఒంగోలు: అమృతానికే అన్నా. అందులో ఇంటి ఓనరు అప్పాజీ గుమ్మంలోకొస్తే చాలు, నవ్వు మొదలు.

నెల్లూరు: నాది జెర్రీకి. 1940లో మొదలైన బొమ్మలు, మాటల్లేకుండానే కథ నడిపిస్తాయి. స్కాట్ బ్రాడ్లీ సంగీతం వినండి, పిల్లి అడుగు వేస్తే వాయిద్యం పలుకుతుంది. ఇప్పటి కార్టూన్లలో అరుపులే ఎక్కువబ్బా.

కావలి: పిల్లలు గెలిచారు, రిమోట్ పోయినట్టే.