బావిలో దూకడం: తల ముందా, కాళ్లు ముందా?

నల్గొండ అమ్మ:
వేసవి సెలవులకు మా అబ్బాయి దేవరకొండ దగ్గర అమ్మమ్మ ఊరికి వెళ్తాడు. పదకొండేళ్లు. నడుముకు బెండు కట్టుకుని ఈత నేర్చుకున్నాడు, ఇప్పుడు బెండు లేకుండానే బావి చుట్టూ తిరిగి వస్తున్నాడు. ఈసారి గట్టు మీద నుంచి డైవ్ కొట్టడం నేర్పుతానని మా తమ్ముడు అంటున్నాడు. కాళ్ల మీద దూకితే చాలదా? బావుల్లో ఈదుతూ పెరిగినవారు చెప్పండి.

పాలమూరు ఈతగాడు:
నేర్పించండి అక్కా. కాళ్ల మీద దూకితే నీళ్లు ముక్కులోకి ఎగదన్నుతాయి, నిటారుగా దిగినవాడి పాదాలు పూడికలో కూరుకుపోతాయి. తల ముందుగా వెళ్లినవాడికి చేతులే చుక్కాని. అరచేతులు పైకి తిప్పాడంటే ఒళ్లంతా పైకి మళ్లుతుంది. ఇప్పుడు వద్దంటే రేపు స్నేహితులతో జూరాలకో కోయిల్‌సాగర్‌కో వెళ్లి, చెప్పేవారు లేకుండా దూకుతాడు. మేనమామ కళ్లెదుట నేర్చుకోవడమే మేలు.

మిర్యాలగూడ రైతు:
మేనమామ కళ్లెదుట అన్న మాట ఒప్పుకుంటాను తమ్ముడూ. ఆ బావి ఎలాంటిదో అడగకుండా నేర్పించమనడమే నాకు మింగుడుపడటం లేదు. మా వైపు వ్యవసాయ బావులు చాలావరకు కింద బండను పేల్చి తవ్వినవి. గోడ నున్నగా ఉండదు. ఎక్కడో ఒకచోట రాయి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. బావి నిండుగా ఉన్నన్నాళ్లూ దాని మీదుగా దూకే పిల్లలకు అది ఉందనే తెలియదు. ఎండాకాలం మోటార్లు నడిచేకొద్దీ మట్టం పడిపోయి, అదే రాయి జానెడు నీళ్ల కిందికి వస్తుంది. మట్టం దిగితే లోతు తగ్గడమే కాదు, గట్టు నుంచి నీళ్లకు ఉండే ఎత్తు కూడా పెరుగుతుంది.

ఐదు మీటర్ల ఎత్తు నుంచి దూకినవాడు నీటిని తాకేసరికి వేగం గంటకు సుమారు 35 కిలోమీటర్లు. ఆ వేగంతో నడినెత్తి రాతికి తగిలి, మెడ పూసలు విరిగి వెన్నుపాము నలిగితే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. కాళ్ల మీద దూకినవాడికీ దెబ్బ తగలొచ్చు, కానీ మడమ విరిగితే కట్టు కడతారు.

2013లో బార్సిలోనా ప్రపంచ పోటీల్లో చేర్చిన హై డైవింగ్‌లో మగవారు 27 మీటర్ల మీద నుంచి దూకుతారు. గాలిలో ఎన్ని పల్టీలు కొట్టినా నీళ్లలోకి కాళ్లతోనే దిగాలి. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల నుంచి తల ముందుగా దూకడం నిజమే, కానీ అక్కడ కొలను లోతు దాదాపు ఐదు మీటర్లు, అడుగున రాయీ రప్పా ఉండవు.

ఈత నేర్పే మాస్టారు:
కాళ్ల మీద దూకడమంటే ఒకటే పద్ధతి కాదమ్మా. తక్కువ ఎత్తు నుంచైతే ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాచి, చేతులు విప్పి అడుగు వేసినట్టు దూకాలి. నీటిని తాకగానే కాళ్లు దగ్గరికి లాక్కుంటే తల మునగదు. మునిగిపోతున్నవాడి మీద నుంచి చూపు తిప్పకూడదు కాబట్టి కాపాడేవారు ఇలాగే దూకుతారు. ఎత్తు ఎక్కువైతే కాళ్లు జతచేసి, ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేయి ఒంటికి ఆనించాలి. కొత్త నీళ్లైతే ఏ దూకుడూ వద్దు, మెట్ల మీద కూర్చుని జారాలి.

సాగర్ ఎడమ కాలువ వంతెనల మీద నుంచి దూకే కుర్రాళ్లను తలచుకుంటే నాకు కడుపులో చేయిపెట్టి దేవినట్టుంటుంది. అడుగు కనబడదు, ప్రవాహం లాగేస్తుంది, పాచి పట్టిన సిమెంటు వాలు మీద చేతికి పట్టు దొరకదు.

డైవ్ మాత్రం లోతైన కొలనులో నేర్పాలి. మొదట అంచున కూర్చుని, తర్వాత మోకాలి మీద, ఆ తర్వాతే నిలబడి. చేతులు చెవులకు ఆనించి, గడ్డం ఛాతీ వైపు దించాలి. గడ్డం ఎత్తాడా, పొట్ట ఫట్‌మని నీళ్లకు తగులుతుంది.

పాలమూరు ఈతగాడు:
రాతి బావి విషయం సరే. మా ఊరి బావికి అడుగు దాకా నున్నటి రాతికట్టడం, ఎండాకాలంలోనూ రెండు నిలువుల నీళ్లు. అలాంటి చోట కూడా వద్దంటే నేను ఒప్పుకోను.

మిర్యాలగూడ రైతు:
ఈ ఏడు ఎవరైనా మునిగి అడుగు తడిమి చూశారా? చూడకపోతే అక్కడా వద్దనే అంటాను.

నల్గొండ అమ్మ:
తమ్ముడికి ఫోను చేశాను. మాది బండ తొలిచిన బావే, మోటారు పైపు పక్కన రాయి కూడా ఉందట. ఈ వేసవికి అటువైపు మెట్ల మీద నుంచి, కాళ్ల మీదే. మాస్టారు, మీరు చెప్పిన కూర్చుని దూకే డైవ్‌కు కొలను ఎంత లోతు ఉండాలి?