అప్‌డేట్: ఈసారి టీ రంగు మచ్చల్లేకుండా పట్టింది

పోయిన వారం అడిగాను కదా, కొత్త తెల్ల కాటన్ గుడ్డని పాతకాలం దానిలా చేద్దామని టీ డికాషన్‌లో ముంచితే మచ్చలు మచ్చలుగా వచ్చిందని. మీరన్నదే నిజం, కొత్త బట్టకుండే గంజి పోకుండానే ముంచేశాను. ఈసారి వేడి నీళ్లలో సబ్బుతో బాగా ఉతికి, తడి ఆరకముందే, ఆకు ఒక్కటి కూడా లేకుండా వడకట్టిన డికాషన్‌లో వేసి, గుడ్డ బాగా విచ్చుకునేంత పెద్ద స్టీలు గిన్నెలో గంటసేపు కర్రతో తిప్పుతూనే ఉన్నాను. చెయ్యి నొప్పి పుట్టింది కానీ రంగు ఎంత సమంగా పట్టిందో! తడిగా ఉన్నప్పుడు మరీ ముదురుగా కనిపించి టెన్షన్ పడ్డాను, ఆరాక బాగా తగ్గి సరిగ్గా నాకు కావలసిన పాత కాగితం రంగుకి వచ్చింది.

ఒక్కటి మాత్రం ముందే తెలిసుంటే బాగుండేది. అంచు కుట్టిన దారం పాలిస్టర్, టీలో రంగు పట్టించే పదార్థాలు, అంటే టానిన్లు, కాటన్‌కి పట్టినట్టు దానికి పట్టవు, తెల్లగా అలాగే మిగిలిపోయింది. విప్పేసి, అదే డికాషన్‌లో నానబెట్టిన కాటన్ దారంతో మళ్లీ కుడుతున్నాను.

ఇనుప గిన్నె వద్దన్నవాళ్లకి ప్రత్యేకంగా థాంక్స్. చిన్న ముక్కని ఇనుప గిన్నెలో వేసి చూశాను, నిజంగానే బూడిద రంగుకి తిరిగింది.