క్షేమమని తలచాలా, ఆశించాలా?

‘మీరంతా క్షేమంగా ఉన్నారని ఆశిస్తున్నాను’ అని మేనల్లుడు పంపిన సందేశం అమ్మకు చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఆగి, ‘మన క్షేమంలో వాడు ఆశించేదేముంది?’ అంది. నిజంగానే అర్థం కాక అడిగింది. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు.

తీగకు గుచ్చి దాచిన పాత ఇన్‌లాండ్ ఉత్తరాలు తీసి చూశాను. ‘ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను.’ ఒకరిద్దరు తలంచుచున్నాను అని రాశారు. ఆశించినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆశించడమంటే మనకు తెలిసినంతలో తనకేదో దక్కాలని చూడడం. ప్రతిఫలం ఆశిస్తాం, పదవి ఆశిస్తాం. ఏమీ ఆశించకుండా సాయం చేసినవాడిని మెచ్చుకుంటాం. ఈ క్రియ అసలు స్వభావం పొలంలో ఇంకా బాగా తెలుస్తుంది. ‘వరిని సుడిదోమ ఆశించింది’, ‘పత్తిని గులాబీరంగు పురుగు ఆశిస్తుంది’ అని వ్యవసాయ సూచనల్లో రాస్తారు. రైతు పంట మీద ఆశ పెట్టుకుంటాడు, పురుగు ఆ పంటనే ఆశిస్తుంది. మాట ఒకటే అయినా ఎంత దూరం!

నామవాచకానికి ఇంత పట్టింపు లేదు. ‘ఇంకా ఆశ ఉంది’ అని డాక్టరు అంటే ప్రాణం లేచివస్తుంది. అదే ఆశ పేరాశలో, ఆశపోతులో తిట్టవుతుంది. పేరాశలో ‘పేరు’ అంటే పెద్ద, పేరోలగంలో (నిండు కొలువులో) ఉన్నదే. అడియాసలో ‘అడి’ అంటే వ్యర్థం. నాకు బాగా నచ్చే మాట ఇది. భంగపడ్డ ఆశకు విడిగా ఒక పేరు పెట్టుకున్నాం.

భాగవతం పదకొండో స్కంధంలో పింగళ కథ చదివినవాళ్లకు ఇంకో ఆశ్చర్యం. విదేహ నగరంలో ఆ వేశ్య విటుడి కోసం అర్ధరాత్రి దాకా లోపలికీ వాకిట్లోకీ తిరిగి, చివరికి విసిగి, ఆశ వదులుకొని హాయిగా నిద్రపోతుంది. ‘ఆశా హి పరమం దుఃఖం, నైరాశ్యం పరమం సుఖమ్’ అంటుంది శ్లోకం. అక్కడ సుఖమైన నిరాశ, మన నోట కన్నీళ్ల మాట అయింది. ఆశాకిరణం, ఆశాజనకం అని పత్రికల్లో రోజూ చదివే మనకు ఆ శ్లోకం తలకిందులుగా తోస్తుంది.

అన్నట్టు, సంస్కృతంలో ఆశకు దిక్కు అనే అర్థమూ ఉంది. వ్యుత్పత్తి వేరంటారు. అయినా ‘నాకు నువ్వే దిక్కు’ అనే మాట విన్నప్పుడల్లా ఆ రెండు అర్థాలూ కలిసే వినిపిస్తాయి నాకు.

మేనల్లుడికి ‘తలుస్తాను’ మరీ పాతగా అనిపిస్తే ‘అనుకుంటున్నాను’ చాలు, ‘కోరుకుంటున్నాను’ ఇంకా మంచిది. వాడికి అదే రాశాను.

సేద్యం చేసేవాళ్లను ఒకటి అడగాలని ఉంది. మా ఊళ్లో పైరుకు పురుగు ‘పట్టింది’ అంటారే కాని ‘ఆశించింది’ అనరు. ఇళ్లలో, పొలం గట్ల మీద ఆ మాట వాడేవాళ్లు మీ వైపు ఉన్నారా?