స్పూల్ తాళానికి టెన్షన్ ఎంత? “తేలిగ్గా పట్టు” అంటే సరిపోతుందా?

కప్పలరాజు:
చెవి లేకుండా పిక్‌తో (సన్నని కొక్కెం) తాళాలు తెరవడం సరదాగా నేర్చుకుంటున్నా, మాస్టర్ లాక్ 140 అనే కప్ప దగ్గర ఆగిపోయాను. లోపల నాలుగే పిన్నులు, కానీ వాటిలో స్పూల్స్ (నడుము సన్నగా ఉండే పిన్నులు) ఉన్నాయి. ప్లగ్ (చెవితో పాటు తిరిగే భాగం) కాస్త తిరిగి ఫాల్స్ సెట్‌లో పడుతుంది, అంటే తెరుచుకున్నట్టే అనిపించి ఆగుతుంది, ఇక కదలదు. టెన్షన్ (రెంచ్ అనే వంపు రేకుతో ప్లగ్‌ని తిప్పే బలం) వదిలితే పిన్నులన్నీ జారి కథ మొదటికొస్తుంది. అసలు ఎంత పట్టాలి? (నా సొంత తాళమే, ఏ తలుపుకీ వేసింది కాదు.)

గోదారిగాలి:
తేలిగ్గా. మీరనుకునే దానికంటే ఇంకా తేలిగ్గా. ప్లగ్‌లో రంధ్రాలు కచ్చితంగా ఒకే వరసలో ఉండవు, వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అందుకే తిప్పబోతే ముందు ఒక్క పిన్నే బిగుస్తుంది. గట్టిగా పడితే రెండు మూడు కలిసి బిగుస్తాయి, ఏది ఏదో తెలియదు. వేలిగోరు తెల్లబడిందంటే ఎక్కువైనట్టే.

మెకానిక్‌మావయ్య:
“తేలిగ్గా” ఒక కొలతా? రెంచ్ చివర చిన్నగా నొక్కినా, తాళానికి దగ్గరగా పట్టుకుని గట్టిగా నొక్కినా ప్లగ్‌ మీద పడే బలం ఒకటే కావచ్చు. వేలు ఎక్కడుందో అడక్కుండా సలహా ఏమిటి? పైగా కొన్ని కప్పల్లో లోపలి స్ప్రింగే ప్లగ్‌ని వెనక్కి తోస్తుంది. అక్కడ మీ తేలిక పనిచేయదు. పిన్నులన్నీ సరైన ఎత్తులో కూర్చున్నా కప్ప నోరు తెరవదు.

చార్మినార్‌బాయ్:
ఇంట్లో నవ్‌తాల్ ఉంది, దానికి పనిచేస్తదా అన్నా?

మెకానిక్‌మావయ్య:
అది లీవర్ తాళం తమ్ముడూ, లోపల పిన్నుల బదులు పలకలుంటాయి, దాని పద్ధతే వేరు. అయినా ఇంటికి వేసిన తాళం జోలికి పోకు. పాడైతే అరుగు మీదే పడక.

గోదారిగాలి:
అడిగింది స్పూల్ గురించి. మీరు రెంచ్ పొడవు పట్టుకుని వేలాడుతున్నారు. స్పూల్ నడుము సన్నం, ప్లగ్ అక్కడ ఇరుక్కుంటుంది. ఆ పిన్నుని ఎత్తుతుంటే రెంచ్ మీ వేలిని వెనక్కి నెడుతుంది. ఆ నెట్టుడు తగలగానే వేలిని అంత మేరకే వెనక్కి రానివ్వాలి, పూర్తిగా వదలకూడదు. కింది అంచు దాటితే టిక్కుమంటుంది. గట్టిగా పట్టేవాడికి ఆ నెట్టుడే తెలియదు.

పిన్నుపురుగు:
రెంచ్ కీ-వే (చెవి దూర్చే సందు) పైభాగాన పెట్టండి, పిక్‌కి చోటు మిగులుతుంది. నమస్కారం.

మెకానిక్‌మావయ్య:
మీలాంటి సీనియర్ ఒకాయన నాకూ “తేలిగ్గా, తేలిగ్గా” అని మంత్రం ఉపదేశించాడు. నెలల తరబడి, కూర్చున్న పిన్నులు కూర్చున్నట్టే జారిపోయేవి. నాకు చెయ్యి లేదన్నాడు. తీరా చూస్తే తాళం లోపల ఎండిన జిడ్డు, ప్లగ్ బిగుతు. కొంచెం బలం పెంచగానే తెరుచుకుంది. ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు. తాళం చూడకుండా మంత్రం చదివేవాళ్లంటే నాకు మంట.

గోదారిగాలి:
ఆయన మీద కోపం నా మీద చూపిస్తే ఎలా? జిడ్డుంటే శుభ్రం చేయాలి, బలం పెట్టడం కాదు. గట్టిగా పట్టి గీకితే ఒకసారి తెరుచుకుంటుంది. రేపు మళ్లీ తెరవమంటే? ఏ పిన్ను ముందు బిగిసింది, ఏది స్పూల్ అని అడిగితే చెప్పగలరా?

మెకానిక్‌మావయ్య:
చెప్పలేను. చెప్పాల్సిన పనీ లేదు. నాకు తాళం తెరుచుకోవాలి, మీకు పిన్నుల జాతకం కావాలి. ముందే అలా చెప్పి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు.

గోదారిగాలి:
అదే నా బాధ. లోపల ఏం జరుగుతోందో తెలియకుండా తెరిచేస్తే ఇక ఈ సరదా దేనికి? తాళంచెవి పెట్టి తిప్పుకోవచ్చుగా.

చార్మినార్‌బాయ్:
ఇద్దరూ ఒకే తాళం కొనుక్కుని వీడియో పెట్టుండ్రి 😄

కప్పలరాజు:
పెద్దలు క్షమించాలి. నాది పొడవు రెంచ్, కీ-వే కింద పెట్టి చివర పట్టుకుంటున్నా. ఇప్పుడేం మార్చాలి?

మెకానిక్‌మావయ్య:
వేలిని తాళం వైపు జరపండి. బలం అంతే ఉంచండి.

గోదారిగాలి:
వేలు ఎక్కడైనా ఉంచండి. బలం తగ్గించండి.

పిన్నుపురుగు:
ఆ రెండింటి ఫలితం ఒకటే కదండీ!

మెకానిక్‌మావయ్య:
కాదు.

గోదారిగాలి:
కానే కాదు.